న్యూజెర్సీలో ఒక పిన్ని – 1883

ఏటా జూలై, ఆగస్టుల్లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే ఎప్పుడూ ఒకటే సీను. ఎమ్మెస్‌కి వెళ్లే కుర్రాడు ఒక్కడు, వాడి వెనక పదిహేనుమంది చుట్టాలు. 23 కిలోలు దాటకుండా ఇంట్లో నాలుగుసార్లు తూచిన పెట్టెలు రెండు. లోపల ప్రెషర్ కుక్కర్, కారప్పొడులు, మూడు కవర్లు చుట్టి టేపు వేసిన ఆవకాయ. ఏం పట్టుకెళ్లాలో లిస్టు ఎవరో సీనియర్ పంపించి ఉంటాడు. అక్కడ దిగాక కారేసుకుని రావడానికి ఇంకో అన్న ఎవరో ఉంటాడు. మొదటి వారం ఎవరింట్లోనో హాల్లో పరుపు. ఇంత ఏర్పాటు ఉన్నా అమ్మ ఏడుస్తూనే ఉంటుంది, అది వేరే విషయం.

మరి ఆ లిస్టు రాసే సీనియరే లేని రోజుల్లో మొదటి మనిషి ఎలా వెళ్లారు? ఎవరింట్లో దిగారు? ఏం తిన్నారు? నాకు చరిత్రలో రాజులకంటే, యుద్ధాలకంటే ఇలాంటి ప్రశ్నల మీదే ఆసక్తి ఎక్కువ. అందుకే ఆనందీబాయి జోషి గురించి రాయాలనిపించింది. అమెరికా వెళ్లి డాక్టరు చదివిన మొదటి భారతీయ మహిళ అని జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఒక లైను ఉంటుంది. ఆ లైనులో లేని మనిషి ఒకావిడ ఉంది. నా దృష్టిలో ఆవిడ లేకపోతే ఈ కథే లేదు. ఆవిడ పేరు థియొడీషియా కార్పెంటర్. ఊరు న్యూజెర్సీలోని రోజెల్.

ముందు అసలు కథ క్లుప్తంగా. ఆనందీబాయి పుట్టింది 1865 మార్చి 31న, బొంబాయి దగ్గర కళ్యాణ్‌లో. పుట్టింటి పేరు యమున. తొమ్మిదేళ్లకే పెళ్లి చేశారు. మొగుడు గోపాలరావు జోషి, పోస్టాఫీసులో గుమాస్తా, భార్య పోయినవాడు, ఈమెకంటే దాదాపు ఇరవై ఏళ్లు పెద్ద. ఆనంది అని పేరు మార్చింది అతనే. ఈ గోపాలరావు ఒక విచిత్రమైన మనిషి. ఆ కాలంలో భార్య చదువుకుంటే కొట్టే మొగుళ్లు ఉండేవాళ్లు. ఇతను చదవకపోతే కొట్టేవాడు. జోక్ కాదు, నిజంగానే. దాని గురించి మళ్లీ చెప్తాను.

పద్నాలుగేళ్లకి ఆనందికి కొడుకు పుట్టి పది రోజులకే పోయాడు. సరైన వైద్యం అందలేదు. అప్పట్లో మగ డాక్టరు చేత చూపించుకోవడం కంటే చావడమే నయం అనుకునే ఇళ్లు బోలెడు. ఆడ డాక్టర్లేమో లేరు. తను డాక్టరు కావాలని ఆ పిల్లకి అనిపించింది అక్కడే.

ఇప్పుడు అమెరికా ఎలా వచ్చిందో చూద్దాం. గోపాలరావుకి అమెరికన్ మిషనరీలతో పరిచయాలున్నాయి. భార్యని అక్కడ చదివించాలని ఉంది, తనకి అక్కడ ఏదైనా ఉద్యోగం దొరుకుతుందేమో చూడండి అని రాయల్ వైల్డర్ అనే మిషనరీకి ఉత్తరం రాశాడు. 'సాయం చేస్తాం, కానీ మీరిద్దరూ క్రైస్తవంలోకి రావాలి' అన్నది అవతలి వైపు మాట. జోషీ దంపతులు కుదరదన్నారు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ వైల్డర్ ఆ ఉత్తరాలని తను నడిపే మిషనరీ పత్రికలో అచ్చేశాడు.

1880లో ఒకరోజు కార్పెంటర్ గారు పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఉన్నారు. చేతికందిన పత్రిక తిరగేస్తుంటే ఆ ఉత్తరాలు కనపడ్డాయి. (డెంటిస్టు దగ్గర పాత పత్రికలు పెట్టే ఆచారం అప్పటికే ఉందన్నమాట!) ఆవిడ మిషనరీ కాదు, ధనవంతురాలిగా పేరున్న మనిషీ కాదు. పిల్లలున్న ఒక గృహిణి. ఎక్కడో హిందూ దేశంలో ఒక చిన్న పిల్ల చదువుకోవాలనుకుంటోంది, మతం మారితేనే సాయం అంటున్నారు, ఇదేం న్యాయం అనిపించి ఉండాలి. ఇంటికెళ్లి ఉత్తరం రాసింది. అమెరికా వస్తే మా ఇంట్లో ఉండొచ్చు అని.

ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. ఆ పిలుపు వచ్చింది 1880లో. ఆనంది ఓడెక్కింది 1883లో. మధ్యలో మూడేళ్లు ఉత్తరాలు నడిచాయి. కలకత్తా నుంచి న్యూయార్క్ చేరడానికి తర్వాత ఆనందికే 58 రోజులు పట్టింది. అలాంటి రోజుల్లో 'మీ ఇంట్లో ఏం వండుకుంటారు' అని అడిగితే జవాబు రావడానికి నెలలు పట్టేది. మనం పింగ్ చేసి రెండు నిమిషాల్లో రిప్లై రాకపోతే 'బిజీనా?' అని ఇంకో మెసేజ్ కొడతాం. వాళ్లు మాత్రం ఆ స్పీడులోనే ఒకరినొకరు తెలుసుకున్నారు. పండగలు, పెళ్లిళ్లు, బాల్య వివాహం, దేవుడు, ఆడవాళ్ల ఆరోగ్యం... అన్నీ రాసుకున్నారు. గోపాలరావుకి బదిలీ మీద బదిలీ అయ్యేది. చివరికి బెంగాల్ చేరారు. అక్కడ ఆనందికి ఒంట్లో బాగుండేది కాదు. తలనొప్పి, జ్వరం, నీరసం, కొన్నిసార్లు ఊపిరాడకపోవడం. కార్పెంటర్ గారు అమెరికా నుంచి మందులు పంపించారు. అవి పనిచెయ్యలేదు. కానీ ఒక్కసారి కూడా చూడని మనిషికి సముద్రాలు దాటించి మందులు పంపడం అంటే అప్పటికే ఆ పిల్ల ఆ ఇంటి మనిషయినట్టే కదా.

ఆనంది ఆవిడని 'ఆంట్' అనేది. ఇంగ్లీషులో అదొక తికమక మాట. అత్త కావచ్చు, పిన్ని కావచ్చు, పెద్దమ్మ కావచ్చు. మన అపార్ట్‌మెంట్లలో అయితే లిఫ్టులో కనిపించిన ఎవరైనా కావచ్చు. కానీ ఆనంది మనసులో ఉన్న మరాఠీ మాట 'మావశీ'. అంటే అమ్మ చెల్లెలో అక్కో. తెలుగులో చెప్పాలంటే పిన్నో పెద్దమ్మో. నేను పిన్ని అనే అంటాను.

ఆనంది ఒంటరిగా అమెరికా వెళ్తోందని తెలిసేసరికి గొడవ మొదలైంది. ఎవరికీ నచ్చలేదు. బంధువులకి కులం పోతుందని భయం. క్రైస్తవులకి మతం మారకుండా వెళ్లడం నచ్చలేదు. 1883 ఫిబ్రవరి 24న సెరాంపూర్ కాలేజీ హాల్లో ఆమె నిలబడి ఇంగ్లీషులో ప్రసంగించింది. ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఆ ప్రసంగం చదివితే నాకు నవ్వు, ఆశ్చర్యం రెండూ వచ్చాయి. ఎందుకంటే అది అచ్చంగా ఎఫ్‌ఏక్యూ! జనం తనని రోజూ వేధించే ప్రశ్నలు ఆరు తీసుకుని వరసగా జవాబులు చెప్పింది. అమెరికా ఎందుకు? ఇండియాలో చదువుకునే వీలు లేదా? ఒంటరిగా ఎందుకు? తిరిగొస్తే వెలివెయ్యరా? ఏదైనా కష్టం వస్తే ఏం చేస్తావు? ఏ ఆడదీ చెయ్యని పని నీకెందుకు?

'ఇక్కడ లేదా' అన్నదానికి ఆమె జవాబులో మద్రాసు ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీలో 1875 నుంచే ఆడవాళ్లని చేర్చుకుంటున్నారు. అది ఆమెకి తెలుసు. కానీ పాఠం చెప్పే మగ మాస్టార్ల ధోరణి ఆడపిల్లలు నేర్చుకోవడానికి పనికిరాదని ఆమె అభిప్రాయం. వెలి ప్రశ్నకి జవాబు ఇంకా గట్టిది. నేను అక్కడ కూడా ఇక్కడిలాగే బతుకుతాను, తిండీ బట్టా మార్చను, హిందువుగా వెళ్లి హిందువుగా తిరిగొస్తాను. వెలెయ్యాలనుకుంటే ఇప్పుడే వెయ్యొచ్చు కదా అని అడిగింది.

హాల్లో చప్పట్లు పడ్డాయి. చందాలు వచ్చాయి. పేపర్లలో పడింది. బాగానే ఉంది. కానీ ఆ జవాబుని ఇంకోసారి చదవండి. పద్దెనిమిది నిండని పిల్ల ఇంకా అడుగు కూడా పెట్టని దేశంలో, ఎప్పుడూ చూడని చలిలో ఏం తింటుందో ఏం కట్టుకుంటుందో ముందే ఊరందరి ఎదుట సంతకం పెట్టేసింది. క్లయింట్ సైట్ చూడకుండానే ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టు ఒప్పుకున్నట్టు. ఆ సంతకం లేకపోతే ఆ చందాలు వచ్చేవా అంటే డౌటే. పెట్టాక దాని ఖరీదు కట్టాల్సింది మాత్రం తనొక్కతే.

1883 ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడెక్కింది. మొగుడు వెంట రాలేదు. తోడుగా కొందరు మిషనరీ స్త్రీలు. జూన్ 4న న్యూయార్క్‌లో దిగింది. రేవులో కార్పెంటర్ పిన్ని నిలబడి ఉంది. మూడేళ్ల ఉత్తరాల తర్వాత మొదటిసారి ముఖాలు చూసుకోవడం.

రోజెల్ గురించి ఒక ముక్క. మన తెలుగువాళ్లతో కిటకిటలాడే ఎడిసన్ టౌన్‌షిప్ నుంచి అరగంట డ్రైవ్. అదే ఎడిసన్, మెన్లో పార్క్ ల్యాబ్ ఉన్న ఎడిసన్. ఆ ఏడాది జనవరి 19న థామస్ ఎడిసన్ ఈ రోజెల్‌లోనే స్తంభాల మీద తీగలు లాగి ఊరికి కరెంటు దీపాలు ఇచ్చాడు. న్యూయార్క్‌లో అంతకుముందు భూమిలో తీగలు వేశారు, అది ఖర్చు. చిన్న ఊళ్లకి గాలిలో తీగలు సరిపోతాయా అని పరీక్షించింది రోజెల్ మీద. ఒకరకంగా పైలట్ ప్రాజెక్ట్. ఆనంది దిగింది సరిగ్గా దానికి నాలుగున్నర నెలల తర్వాత. ఆమె బయల్దేరిన కలకత్తాలో కరెంటు సరఫరా మొదలైంది 1899లో! బయట అంత కొత్త ప్రపంచం, లోపల తొమ్మిది గజాల చీర కట్టుకున్న మరాఠీ శాకాహారి.

ఆ తొమ్మిది గజాల చీర సంగతి చూడండి. మన బామ్మలు మడి కట్టుకున్నట్టే గోచీ పోసి కట్టేది. కాళ్లు పిక్కల దాకా కనపడతాయి. కళ్యాణ్‌లో అది సంప్రదాయం. న్యూజెర్సీలో ఒకటి చలి, రెండు నలుగురూ చూసే చూపులు. ఆమె ఏం చేసిందంటే గుజరాతీ పద్ధతిలో కట్టుకోవడం మొదలుపెట్టింది. కాళ్లు పూర్తిగా కప్పుతుంది, నడుమూ కప్పుతుంది. చీర చీరే, మాట మాటే. ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని ఉల్లంఘించకుండా పని జరిగే దారి వెతకడం అంటే ఇదే. కానీ ఈ చిన్న మార్పుకి కూడా ఇక్కడున్న మొగుడికి ఉత్తరంలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. తిండి మాత్రం మార్చలేదు. మాంసం తినే దేశంలో, మాంసం తినే ఇంట్లో, ఆమెకి కావలసినట్టు వండుకోవడానికి ఆ ఇల్లు ఒప్పుకుంది. మతం మార్చుకోమనే షరతు ఆ ఇంట్లో లేదు. నా ఉద్దేశంలో కార్పెంటర్ పిన్ని చేసిన అతి పెద్ద సాయం అదే. డబ్బు కాదు, గది కాదు. షరతు లేకపోవడం.

ఇది ఎంత అరుదో తెలియాలంటే అదే కాలంలో జరిగిన ఇంకో కథ పక్కన పెట్టి చూడాలి. 1871 చివర్లో జపాన్ ప్రభుత్వం ఇవాకురా రాయబార బృందంతో పాటు అయిదుగురు ఆడపిల్లల్ని చదువుకి అమెరికా పంపింది. అందరికంటే చిన్నది త్సుదా ఉమెకో. బయల్దేరేటప్పటికి ఆరేళ్లు, ఓడలో ఏడు నిండాయి. ఆనందీబాయి కంటే సరిగ్గా మూడు నెలలు పెద్ద. అక్కడ అన్నీ ప్రభుత్వ ఖర్చే, ప్లానింగ్ అంతా పైనుంచే. వాషింగ్టన్ పక్కన జార్జ్‌టౌన్‌లో పిల్లలు లేని లాన్‌మన్ దంపతుల ఇంట్లో పెట్టారు. వాళ్లు కన్నకూతురిలాగే పెంచారు, ప్రేమలో ఏ లోటూ లేదు. రెండేళ్లు తిరక్కుండానే బాప్టిజం అయింది. 1882లో పదకొండేళ్ల తర్వాత ఇంటికెళ్తే అమ్మానాన్నలతో మాట్లాడటానికి జపనీస్ రాదు! మన న్యూజెర్సీ తాతయ్యలకీ మనవళ్లకీ మధ్య జరిగేదే, కాకపోతే ఇక్కడ అమ్మకీ కూతురికీ మధ్య. ఉమెకో తర్వాత 1900లో టోక్యోలో ఆడపిల్లల కోసం కాలేజీ పెట్టింది. 2024 జూలై నుంచి జపాన్ 5000 యెన్‌ల నోటు మీద బొమ్మ ఆమెదే. గొప్ప జీవితమే, కాదనను. కానీ ఆ ఇంట్లోకి వెళ్లిన పిల్ల వేరు, బయటికి వచ్చిన మనిషి వేరు.

ఆరేళ్లకీ పద్దెనిమిదేళ్లకీ తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఆనంది విషయంలో రెండు వైపులా మూడేళ్లు ఉత్తరాల్లో తయారయ్యారు. పిల్ల ఇంటికి తగ్గట్టు ఎంత తయారయిందో, ఇల్లు పిల్లకి తగ్గట్టు అంత తయారయింది. మనం విదేశీ ప్రయాణం అంటే వెళ్లేవాళ్ల ప్రిపరేషనే చూస్తాం. ఉంచుకునేవాళ్లు కూడా ప్రిపేర్ కావాలని ఎవరికీ తట్టదు.

ఇంతకీ కాలేజీ. ఫిలడెల్ఫియాలో ఉమెన్స్ మెడికల్ కాలేజ్ ఆఫ్ పెన్సిల్వేనియా. జూన్ 28న, అంటే దిగిన నెల లోపే, రోజెల్ నుంచి కాలేజీకి దరఖాస్తు ఉత్తరం రాసింది. మీరడిగే అర్హతలన్నీ నాకు ఉండకపోవచ్చు అని మొహమాటం లేకుండా చెప్పి, నా దేశంలో ఆడవాళ్లు మగ డాక్టరు చేత చూపించుకోవడం కంటే చావడానికే సిద్ధపడతారు, వాళ్ల కోసం వచ్చాను, ఇంతమందిని ఎదిరించి ఇంత దూరం వచ్చిన పట్టుదలని లెక్కలోకి తీసుకోండి అని రాసింది. ఇప్పటి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు కన్సల్టెన్సీ వాళ్లు టెంప్లేట్‌లో పేరు మార్చి ఇస్తారు. ఈ ఉత్తరం ఇంకా ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉంది, ఎస్‌ఓపీ రాసేవాళ్లు ఒకసారి చూస్తే మంచిది. డీన్ రేచల్ బాడ్లీ సీటిచ్చింది. మూడేళ్లకి 600 డాలర్ల స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. సెలవులొస్తే మళ్లీ రోజెల్, పిన్ని ఇల్లు.

ఇక్కడ మన తెలుగువాళ్లకి సంబంధించిన ముక్క ఒకటి చెప్పకపోతే ఉండబట్టదు. అదే కాలేజీలో 1879లో డాక్టరయిన అన్నా కుగ్లర్ అనే అమెరికన్ యువతి ఆ 1883 ఆగస్టులోనే ఓడెక్కి ఇటు బయల్దేరింది. నవంబరు ఆఖరులో గుంటూరు చేరింది. అవును, గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి కుగ్లరే. ఈమె అటు వెళ్లింది, ఆమె ఇటు వచ్చింది, ఒకే ఏడు, ఒకే కాలేజీ, కారణం కూడా ఒకటే: మగ డాక్టరుకి చెయ్యి చూపించని ఆడవాళ్లు. కుగ్లర్‌కి వెనక లూథరన్ మిషన్ ఉంది. అయినా మొదట్లో వాళ్లు ఆమెని డాక్టరుగా పంపలేదు, ఆడవాళ్లకి చదువు చెప్పే పని ఇచ్చారు. వైద్యం తనే మొదలుపెట్టింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే చనిపోయింది. అంటే 47 ఏళ్లు. మన జిల్లాల్లో ఎన్ని కాన్పులు ఆవిడ చేతుల మీదుగా జరిగాయో ఊహించుకోవచ్చు. ఆనందికి అలాంటి 47 ఏళ్లు దొరికి ఉంటే అన్న ఆలోచన రాకమానదు.

తెలుగువాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని కూడా తలుచుకోవాలి. 1922లో మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కూడగట్టుకుని బోస్టన్ వెళ్లారు. అక్కడ ఎదురు చూసే ఇల్లేమీ లేదు. హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. 1948లో చనిపోయేదాకా ఇటు తిరిగి రాలేదు. పట్టుదల ఉంటే ఎలాగోలా నెగ్గుకు రావచ్చనడానికి ఆయన్ని ఉదాహరణగా చెప్తుంటారు. నాకైతే ఆయన కథలో పట్టుదలతో పాటు ఆ ఒంటరితనమే ఎక్కువ కనపడుతుంది.

మళ్లీ ఫిలడెల్ఫియాకి. ఇంటర్నెట్‌లో తరచూ తిరిగే ఒక ఫొటో మీరు చూసే ఉంటారు. 1885 అక్టోబర్ 10న డీన్ ఇచ్చిన విందులో తీసింది. ముగ్గురు స్త్రీలు తమ తమ దేశాల బట్టల్లో: చీరలో ఆనందీబాయి, కిమోనోలో జపాన్‌కి చెందిన కెయి ఒకామి, మూడో ఆవిడ డమాస్కస్ నుంచి వచ్చిన సబాత్ ఇస్లాంబులీ. చూడ్డానికి ఎంతో ధీమాగా ఉంటారు. ఆ చీర వెనక ఎన్ని లెక్కలున్నాయో ఫొటోలో కనపడదు.

ఫిలడెల్ఫియా చలికి, పడని తిండికి అసలే బలహీనమైన ఒళ్లు ఇంకా పాడయింది. క్షయ పట్టుకుంది. అప్పటికి క్షయకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. తిండి మార్చి ఉంటే బతికేదా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఇక్కడినుంచి బయల్దేరేటప్పటికే ఆరోగ్యం బాగాలేదు కదా. కానీ నలుగురిలో ఇచ్చిన మాట కోసం, ఒక రోగిష్టి మనిషి మూడు శీతాకాలాలు ఒంటికి కావలసిందేమిటి అని కాకుండా ఊరికి ఏం జవాబు చెప్పుకోవాలి అని తూచుకుంటూ బతికింది. అది మాత్రం నాకు మింగుడు పడదు.

గోపాలరావు గురించి చెప్తానన్నాను కదా. ఆమె అమెరికా నుంచి అతనికి రాసిన ఒక ఉత్తరం ఉంది. పదేళ్ల వయసులో విరిగిన కట్టెముక్కలతో కొట్టడం, కుర్చీలూ పుస్తకాలూ మీదికి విసరడం, పన్నెండేళ్లప్పుడు వదిలేసి పోతానని బెదిరించడం... అన్నీ గుర్తు చేస్తుంది. మీరు చేసింది మంచో చెడో తేల్చుకోవడం కష్టం. చేరిన గమ్యాన్ని చూస్తే సరే అనిపిస్తుంది, ఒక పసిదాని మనసు మీద పడే దెబ్బ చూస్తే తప్పనిపిస్తుంది అని అంటుంది. తిట్టు లేదు, ఏడుపు లేదు. రెండు వైపులా తూచి చెప్పడం. ఈ మాట ఆమె ఇండియాలో ఉండగా అతని ఎదుట అనగలిగేదా? నాకు నమ్మకం లేదు. మధ్యలో సముద్రం, పక్కన కొట్టని ఇల్లు ఒకటి ఉండబట్టే రాయగలిగింది. హోస్ట్ ఫ్యామిలీ ఇచ్చేది అన్నం, పడక మాత్రమే కాదు. ఇళ్లు ఇలా కూడా నడుస్తాయని చూపిస్తుంది. ఒకసారి చూశాక మన ఇంటిని చూసే చూపు కూడా మారుతుంది.

గోపాలరావు లేకపోతే ఆమె చదివేది కాదు, అది నిజం. అంతమాత్రాన అతన్ని 'భార్యని డాక్టర్ చేసిన ఆదర్శ భర్త' అని పొగిడేవాళ్లతో నేను ఏకీభవించను. మంచి రిజల్ట్ వచ్చిందని మేనేజర్ టీమ్‌ని కొట్టడాన్ని సమర్థిస్తామా? 1885లో అతను కూడా అమెరికా వచ్చాడు. అక్కడి సమాజాన్నీ, క్రైస్తవాన్నీ విమర్శిస్తూ ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆమె చదువుకోవడానికి చేతనైన సాయం చేస్తున్నది ఆ అమెరికన్లే. ఆ రోజుల్లో ఆమె పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

1886 మార్చి 11న ఎండీ పట్టా వచ్చింది. థీసిస్ ఆర్య హిందువుల ప్రసూతి పద్ధతుల మీద. ఇంగ్లండ్ నుంచి పండిత రమాబాయి వచ్చి ఆ సభలో కూర్చుంది. విక్టోరియా రాణి దగ్గర్నుంచి అభినందన వచ్చింది. కొల్హాపూర్ సంస్థానం వాళ్లు తమ ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు బాధ్యత ఇస్తామన్నారు. ఆ ఏడాది చివర్లో తిరిగొచ్చేసరికి ఇక్కడ ఘనస్వాగతం. ఒకప్పుడు వెలేస్తామన్న సమాజమే. హిందువుగా వెళ్లింది, హిందువుగానే వచ్చింది, మాట నిలబెట్టుకుంది అని మెచ్చుకున్నారు. కొల్హాపూర్ ఉద్యోగంలో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేకపోయింది. 1887 ఫిబ్రవరి 26న పూనాలో చనిపోయింది. ఇరవై రెండు నిండడానికి ఇంకా నెల ఉంది.

మరుసటి ఏడే, అంటే 1888లో, బోస్టన్‌లో కారొలిన్ డాల్ అనే రచయిత్రి ఆనంది జీవితచరిత్ర ప్రచురించింది. ఇప్పుడు మనకి తెలిసిన వివరాల్లో చాలా భాగం అలా మిగిలాయి. మరాఠీలో కాశీబాయి కానిట్కర్ రాసింది, తర్వాత నవల వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. శుక్రగ్రహం మీద ఒక బిలానికి జోషీ అని పేరు కూడా పెట్టారు. కార్పెంటర్ పిన్ని పేరు మాత్రం ఈ అన్నిట్లో ఒక పక్కపాత్ర.

గోపాలరావు ఒక పని చేశాడు. దానికి మాత్రం అతనికి దణ్ణం పెట్టొచ్చు. భార్య అస్థికలని గంగలోనో గోదావరిలోనో కలపడంతో సరిపెట్టకుండా అమెరికాలో కార్పెంటర్ గారికి పంపించాడు. ఆవిడ వాటిని న్యూయార్క్ రాష్ట్రం పొకిప్సీలోని స్మశానంలో తమ కుటుంబ సమాధుల మధ్య ఉంచింది. పైన రాయి వేయించింది. చదువు కోసం దేశం దాటిన మొదటి బ్రాహ్మణ స్త్రీ అని, పేరు పక్కన ఎండీ అని దాని మీద చెక్కించింది. మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవాళ్లకి పొకిప్సీ తెలిసే ఉంటుంది, సిస్టమ్/360 రోజుల నుంచీ ఐబీఎమ్ వాళ్ల ఊరది. మనవాళ్లు ఎంతోమంది ఆన్‌సైట్ వెళ్లిన చోటు. ఆ స్మశానం రూట్ 9 పక్కనే ఉంది. ఎడిసన్ నుంచి రెండు గంటల డ్రైవ్.